రిబ్బను కట్టిన పడవ

స్టోనాడ్ చిరంబో మోకాళ్ళ మీద కూర్చుని కొత్త పడవ మీది ఇసుకను తడిగుడ్డతో తుడుస్తున్నాడు. తెల్లటి పడవ. వెనక నల్లటి ఇంజను, ముందు ఎర్ర రిబ్బను. మలావి సరస్సు ఒడ్డున ఉన్న ఈ జిల్లా ఆరోగ్య కార్యాలయానికి సర్కారు గ్రాంటు కింద వచ్చింది. సరస్సు నడుమ దీవిలో జనం మందులు అందక చస్తున్నారని మొరపెట్టుకుని తెచ్చుకున్న గ్రాంటు. వానలకు ముందు వచ్చింది. వానలు వెలిసిపోయినా దాని అడుగు తడవలేదు. మంత్రిగారు వచ్చి రిబ్బను కత్తిరించాలట! అందాకా దాన్ని రోజూ తుడవడం స్టోనాడ్ పని.

మనిషి ఎండుచేపలా ఉంటాడు. ఎడమ కంటి మీద పొర, అరచేతుల నిండా కాయలు. పాత చెక్క పడవలో టీకాలు, మందులు ఏళ్ళ తరబడి దీవికి మోసినవి ఆ చేతులే. ఆఫీసులో మీటింగైతే కుర్చీలు వేసేవీ, అయ్యాక తీసేవీ అవే. ఆ కుర్చీల్లో ఒక్కదాని మీదా అతను ఏనాడూ కూర్చోలేదు.

ఆ పొద్దున దీవి నుంచి నర్సు ఎస్నాట్ ఫోను చేసింది. కలరా వచ్చింది, సెలైన్ అయిపోయింది. ఒక బాలింత సొమ్మసిల్లి పడి ఉంది. చీకటి పడేలోగా సీసాలు రాకపోతే బతకదు.

స్టోనాడ్ టోపీ తీసి డైరెక్టరు ఎంబెవె ముందు నిలబడ్డాడు. ఆ దొరగారు ప్రారంభోత్సవం బ్యానరుకు రంగులు ఎంచుతున్నాడు.

"అయ్యా, ఇంజను పడవైతే ఇట్టే వెళ్ళొస్తాను."

"రిబ్బను కనపడట్లేదటయ్యా నీకు? మంత్రిగారు ముట్టుకోకముందే నీళ్ళలో ముంచుతావా? బురద పట్టిన పడవ చూపిస్తే వచ్చే ఏడు గ్రాంటు ఎవడిస్తాడు? నీ పాత పడవకేమైంది?"

"ఉందయ్యా."

"మరింకేం, బయల్దేరు."

ఛీ! రిబ్బను విప్పి మళ్ళీ కట్టుకోవచ్చని కూడా తోచని బుర్ర అది. స్టోనాడ్‌కు తోచింది, కానీ అడిగే నోరేదీ? ఆ నోరే ఉంటే తల నెరిసేదాకా రోజుకూలీగా పడి ఉండేవాడు కాదు.

ఎదురుగాలి. పాత పడవలోకి ఊరే నీళ్ళను డబ్బాతో తోడుతూ, మళ్ళీ తెడ్డు వేస్తూ పోయాడు. సెలైన్ పెట్టెలు తడవకుండా తన చొక్కా విప్పి కప్పాడు. మొక్కజొన్న ముద్ద మూట విప్పనే లేదు. సరస్సు మధ్యలో ఎడమ భుజం పట్టుకుని కాసేపు ఆగాడు. తర్వాత ఇంకోసారి ఆగాడు.

పొద్దు వాలుతుండగా దీవి చేరాడు. ఎస్నాట్ మోకాలి లోతు నీళ్ళలోకి ఎదురొచ్చింది.

"వచ్చావా తాతా! పెళ్ళికొడుకులా ఇంజను పడవలో దిగుతావనుకున్నానే?"

"దానికింకా ముహూర్తం కుదరలేదమ్మా." నవ్వబోయి దగ్గాడు. "ముందా పిల్లను చూడు, పో."

ఆమె పెట్టె ఎత్తుకుని పరుగెత్తింది. అతను పడవకు వీపు ఆనించి ఇసుకలో కూర్చున్నాడు. బాలింత నరానికి సూది గుచ్చి, సెలైన్ ఎక్కడం మొదలయ్యాక, ఎస్నాట్ అతని కోసం వేడి గంజి తెచ్చింది. పిలిస్తే పలకలేదు. కుదిపి చూసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు, అంతే. మర్నాడు జాలర్లు తమ పడవలో శవాన్ని ఇంటికి చేర్చారు.

ఆ వారంలోనే మంత్రిగారికి తీరిక దొరికింది. బ్యాండు మోగింది. ఈ గ్రాంటు మా శాఖకు వెన్నెముక ఇచ్చిందని ఎంబెవె గొంతు చించుకున్నాడు. శాఖకు ఇచ్చిందేమో గానీ, ఆ సిగ్గులేని మనిషికి మాత్రం ఇవ్వలేదు. స్టోనాడ్ పేరు ఎవడూ ఎత్తలేదు. రిబ్బను తెగాక కొత్త పడవ పెట్టెల నిండా మందులతో చిటికెలో దీవి చేరింది. అదే ఒళ్ళు మండే సంగతి. గ్రాంటు బ్రహ్మాండంగా పనిచేస్తుంది, చెయ్యనిస్తే.

బాలింత లేచి బిడ్డకు పాలిస్తోంది. దీవి ఆసుపత్రిలో సెలైన్ సీసా వేలాడదీసే స్టాండు లేదు. అందుకే స్టోనాడ్ సీసాలు తెచ్చిన సాయంత్రం ఎస్నాట్ ఆమె చాప పక్కన మట్టినేలలో అతని తెడ్డును పాతింది. ఇప్పుడు వేరే రోగి పక్కన నిలబడి ఉంది ఆ తెడ్డు, పిడికిలి పట్టిన చోట నున్నగా అరిగి, కొసన సీసా మోస్తూ.