పంపుహౌసు ఆడపడుచు

పంపుహౌసు కిటికీ కింద పరిచిన ఇసుక ముందు పంపు మాస్టారు గొంతుక్కూర్చుని, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ముక్కు నేలకు ఆనేంతగా వంగి చూస్తున్నాడు. నీళ్లు వడపోసే తొట్లలో పోయగా మిగిలిన సన్నటి ఇసుక అది. రోజూ మధ్యాహ్నం డ్యూటీ దిగేముందు చీపురుతో చదును చేసి వెళతాడు. మర్నాడు ఆరింటికి రాగానే దాన్ని చదువుకుంటాడు. ఇరవై తొమ్మిది రోజులుగా అందులో పిట్టల కాళ్లు, ఒకసారి తొండ తోక గీసిన గీత, పిల్లి పాదాలు తప్ప మరేమీ కనబడలేదు. ముప్ఫయ్యో రోజు పొద్దున, గోడకు మూడడుగుల దూరంలో, రెండుగా చీలిన గిట్టల గుర్తులు. లెక్కపెడితే ఐదు.

"అడవిపందే," అన్నాడు వెనక నిలబడ్డ రాత్రి షిఫ్టు అతను, సైకిలు తాళం తీస్తూ. "చేత్తో అలా చెరిపెయ్ అన్నా. ఎవరు చూడొచ్చారు?"

"ఇవాళే ఇంజనీరమ్మ వస్తుంది."

"అందుకే చెరిపెయ్యమంటున్నా. కాలవలో పడ్డది నేను. నాకు లేని బాధ ఆవిడకెందుకు?"

అతను సైకిలెక్కి వెళ్లిపోయాడు. పంపు మాస్టారు అరచెయ్యి ఇసుక మీదికి వెళ్లింది. ఒక్క క్షణం అక్కడే ఆగింది. తర్వాత ఆ చెయ్యి మోకాలి మీద పెట్టుకుని లేచాడు. ముప్ఫయ్యొక్కేళ్లుగా గంటగంటకీ మీటరు ముల్లు చూసి పుస్తకంలో అంకె వేస్తున్నాడు. జ్వరంతో వణికిన రోజున కూడా చూడకుండా ఒక్క అంకె వేసింది లేదు. ఆ చేత్తో ఇసుక చెరపడం అతనికి చేతకాలేదు.

లోపలికెళ్లి మోటార్లను ఒక్కొక్కటీ తడిమి చూశాడు. రెండో మోటారు రొద కాస్త బొంగురుపోయినట్టనిపించి, చెవి ఆనించి విని, నూనె పోశాడు. ముల్లు చూసి అంకె వేశాడు.

పిల్లి వచ్చి రెండేళ్లయింది. ఒక ముసురు రోజున, బూడిదరంగుది, ఎడమ చెవి చిరిగినది, మోటారు వెచ్చదనానికి వచ్చి కూర్చుంది. ఇంట్లో చెబితే భార్య నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఆడపడుచుల పోరు లేని ఇంటికి వెళ్లానని మావాళ్లంతా ఎంత సంబరపడ్డారు! యాభై దాటాక తెచ్చారా నాకు ఆడపడుచుని?" ఆ మర్నాటి నుంచి అతని క్యారియరు పక్కన ఉడికించిన కోడి ముక్కలతో చిన్న డబ్బా చేరింది. సాయంత్రం మొదటి ప్రశ్న ఎప్పుడూ అదే: "మా ఆడపడుచు తిందా, వంక పెట్టిందా?"

తప్పు చేసింది అతనే. రాత్రి ఆకలేస్తుందేమోనని నిండు పళ్లెం బయట వదిలి వెళ్లేవాడు. ముందు నక్క వచ్చింది. తర్వాత వెనక అడవిలోంచి పందుల మంద దిగి, పైపుల గట్టంతా కుళ్లగించింది. ఒకనాడు చీకట్లో ఒక పంది అడ్డొచ్చి రాత్రి షిఫ్టు అతను కాలవలో పడ్డాడు. పది రోజులు కాలికి కట్టు. పై ఆఫీసు నుంచి ఇంజనీరమ్మ వచ్చి, గట్టు చూసి, పళ్లెం చూసి, తిండి ఆపకపోతే పిల్లిని పట్టించి దూరంగా వదిలిస్తానంది. పందులు రాకుండా తిండి పెడతానని, ఒక నెల గడువివ్వమని అడిగాడు పంపు మాస్టారు. ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాడు. అందుకే కాబోలు, ఇచ్చింది.

ఎనిమిదిన్నర అయింది. ఎండ బాగా ఎక్కాక తప్ప డబ్బా మూత తియ్యడు. ఆ వేళకు పందులు అడవిలోకి వెళ్లిపోయి ఉంటాయి. ఛాతీ ఎత్తున్న కిటికీ గట్టు మీద గుప్పెడే పెడతాడు. పిల్లి కిందినుంచి ఒక్క ఊపులో పైకొచ్చింది.

"రావమ్మా, నెమ్మదిగా తిను. ఎవరూ లాక్కోరు."

తింటున్నంతసేపూ పక్కనే నిలబడ్డాడు. ఇరవై నిమిషాలు. పిల్లి మూతి తుడుచుకుని తిరిగాక, మిగిలిన ముక్క డబ్బాలో వేసి బిగించి, గట్టు సబ్బుతో కడిగి, గుడ్డతో తుడిచాడు. మంచినీళ్ల గిన్నె మాత్రం ఉంచాడు. తన ఎంగిలి కూడా ఇంటికే మోసుకెళుతున్నాడు ఈ నెల్లాళ్లుగా.

పదింటికి ఇంజనీరమ్మ జీపు దిగింది. అతని వయసులో సగం ఉంటుంది. అడక్కముందే ఇసుక దగ్గరికి తీసుకెళ్లి, "వచ్చింది మేడం," అన్నాడు.

ఆమె ఇసుక వంక, అతని వంక మార్చి మార్చి చూసింది. "చెరిపేసుంటే నాకు తెలిసేది కాదుగా?"

"తెలిసేది కాదు మేడం."

"పిల్లి ఎక్కడ తింటుంది?"

గట్టు చూపించాడు. ఆమె వేలితో రాసి, వాసన చూసుకుంది. సబ్బు వాసన. మళ్లీ వంగి గుర్తులు చూసింది. "మాస్టారూ, ఇది మీ కిటికీ వంక తిరగనైనా తిరగలేదు. తిన్నగా పోయింది. ఎటు పోయిందో చూద్దాం రండి."

ఆ మాట తనకెందుకు తోచలేదో అతనికి తర్వాత అర్థమైంది. భయంతో చూసినవాడికి గుర్తులు కనిపిస్తాయి గాని దారి కనిపించదు.

గోడ వెంట, తడి మట్టిలో గిట్టలు స్పష్టంగా దిగి ఉన్నాయి. స్టోరు గది దాటి, ఆఫీసు గది వెనక గుంట దగ్గర ఆగాయి. గుంట చుట్టూ నేలంతా దున్నినట్టుంది. అందులో చిరిగిన కాగితపు పళ్లేలు, నాకేసిన అట్టపెట్టెలు. మూడు రోజుల కిందట తనిఖీకి వచ్చిన పెద్దవాళ్లకు అక్కడ భోజనాలు పెట్టారు. పెట్టించింది ఇంజనీరమ్మే. మిగిలింది గుంటలో పారబొయ్యమన్నదీ ఆమే.

ఆమె ఒక అట్టపెట్టెను కాలితో తిరగేసింది. పంపు మాస్టారు మర్యాదగా ఆకాశం వంక చూశాడు.

"అయితే దూరంగా వదిలెయ్యాల్సింది నన్నన్నమాట," అంది చివరికి, నవ్వాపుకోలేక. అతనూ నవ్వాడు. మనుషులిద్దరు వచ్చి గుంట పూడ్చేదాకా ఆమె అక్కడే నిలబడింది. వెళుతూ జీపులోంచి తల బయటపెట్టి, "మీ పద్ధతి మీరు మానకండి," అంది.

సాయంత్రం భార్య ఈ కథ రెండుసార్లు చెప్పించుకుంది. గుంట దగ్గరికొచ్చేసరికి రెండుసార్లూ పగలబడి నవ్వింది. "మా ఆడపడుచు మీద నింద వేస్తే ఊరుకుంటుందా మరి!" అని డబ్బాలో మర్నాటికి ఒక ముక్క ఎక్కువ వేసింది.

ఆ తర్వాత పందులు రాలేదు. ఇసుక మీద పిట్టలే తిరిగాయి. చలికాలం రాగానే భార్య తన పాత స్వెట్టరు, మోచేతులు చిరిగినది, మడిచి ఇచ్చింది. "ఒక్క బట్టయినా పెట్టకపోతే ఆడపడుచు నోటికి దడవాలి." పిల్లి దాన్ని మోటారు పక్కన పరిపించుకుని రాణిలా పడుకునేది. తిండి తగ్గింది. నడక నెమ్మదించింది. కిటికీ గట్టు ఎక్కలేకపోతే అతనే ఎత్తి పెట్టేవాడు.

చలి విరుగుతున్న రోజుల్లో ఒక పొద్దున అతను వచ్చేసరికి చుట్టచుట్టుకుని ఉంది. నిద్ర చెడగొట్టడం ఎందుకని ముందు ముల్లు చూసి అంకె వేశాడు. తర్వాత వీపు మీద చెయ్యి వేశాడు. ఎడమవైపు మోటారు వెచ్చగా ఉంది. పిల్లి ఒళ్లు మాత్రం చల్లబడిపోయింది. రాత్రి షిఫ్టు అతను ఇంటికి వెళ్లకుండా ఆగి, పైపుల గట్టు పక్కన లోతుగా గొయ్యి తవ్వాడు. "ఏ జంతువూ తవ్వలేనంత లోతు, అన్నా," అన్నాడు. పంపు మాస్టారికి ఏడుపు రాలేదు. కడుపునిండా తిని, చెప్పకుండా వెళ్లిన చుట్టాన్ని తలుచుకున్నట్టుంది.

సాయంత్రం స్వెట్టరు తెచ్చి భార్య ఒళ్లో పెట్టాడు. ఆమె దీపం దగ్గరికి జరిగి, దాని మీదికి వంగి చూసింది. రెండేళ్లు తిండి పంపింది గాని, ఆ పిల్లిని ఆమె ఒక్కసారైనా చూడలేదు.

"బూడిదరంగా?" అంది. "ఇన్నాళ్లూ నేను నల్లదనుకున్నానండీ."

ఉతకడానికి లేచింది. ఉతకలేదు. కుర్చీలో పెట్టింది, మడవకుండా, ఎలా వచ్చిందో అలాగే: మధ్యలో గుండ్రటి చిన్న పల్లం, ఉన్ని పోగుల్లో చిక్కుకున్న బూడిదరంగు వెంట్రుకలు.