అత్తగారి రికార్డులో నా వాటా

మా ఇంట్లో పండగ పూజ చేయించేది ఫోను. ఫోనులోంచి మా అత్తగారు. ఆవిడ పోయి తొమ్మిదేళ్ళయింది.

ఆవిడ అత్తగారికి విధానమూ కథా అంతా నోటికే వచ్చేదట. మా అత్తగారి కాలానికి అట్ట ఊడిన పుస్తకం చేతికొచ్చింది. నా కాలానికి ఆ పుస్తకం ఎక్కడుందో కూడా ఎవరికీ తెలియదు. ఆవిడ చివరిసారి పూజ చేయించినప్పుడు మావారు ఫోనులో పట్టిన నలభై నిమిషాల గొంతే మిగిలింది. పీటలు వేస్తాం, పూలు సర్దుతాం, మీట నొక్కుతాం. ఆవిడ పసుపంటే పసుపు, అక్షింతలంటే అక్షింతలు. ఇంతవరకూ నాకు ఏ పేచీ లేదు.

పేచీ అంతా పదిహేడో నిమిషంతోనే. కథ సగంలో రెండో దీపం పెట్టాలి. అక్కడ ఆవిడ చదవడం ఆపి అంటారు: "అక్కడ కాదే. దీపం అక్కడ పెడతారా ఎవరైనా? పెళ్ళయి ఇన్నేళ్ళయింది, ఎప్పుడు నేర్చుకుంటావో ఏమో." తర్వాత గాజుల చప్పుడు, కుంది జరిపిన చప్పుడు, మళ్ళీ కథ. ఆ తిట్లు తిన్నది నేను. అప్పుడొకసారి తిన్నాను, ఆ తర్వాత ఏటా తింటూనే ఉన్నాను. తిట్టిన మనిషి పోయినా తిట్టు మాత్రం ఛార్జింగ్ పెట్టించుకుని మరీ వస్తోంది.

అదైనా ఓర్చుకునేదాన్నేమో. మావాళ్ళు దాన్నొక ముచ్చట చేసి కూర్చున్నారు. పదహారో నిమిషం దాటగానే మావారు గొంతు సవరించుకుంటారు. ఆడపడుచు నావైపు చూసి నవ్వు ఆపుకుంటుంది. సమయం రాగానే అందరూ అత్తగారితో గొంతు కలుపుతారు. ఆడపడుచు మనవరాలికి ఆరేళ్ళు. అదీ మంత్రమే అనుకుని చేతులు జోడించి మరీ అంటుంది.

ఆఫీసులో నా పని రికార్డులు వినడమే. ఫ్రిజ్జులు బాగుచేసే కంపెనీ మాది. ఫోనెత్తే పిల్లలు జనంతో ఎలా మాట్లాడారో విని మార్కులు వేస్తాను. గొంతులో విసుగు వినపడితే చాలు, ఎర్ర గుర్తు పెట్టేస్తాను. మా ఇంటి రికార్డులో ఆ పదిహేను సెకన్ల మీద మాత్రం నా చెయ్యి పడకూడదు.

ఈ ఏడు కోడలొచ్చింది. ఆ పిల్లకి మా ఇంట్లో ఇదే మొదటి పండగ. మొదటి రోజే తన ముందు నా పరువు పదిహేడో నిమిషంలో పోవడం నాకిష్టం లేదు. వారం ముందే మావారితో చెప్పాను.

"ఏమండీ, ఆ ముక్కొక్కటి తీసేయించండి. అబ్బాయికి రెండు నిమిషాల పని."

"మా అమ్మ గొంతు కోసెయ్యమంటావా?"

"గొంతు కాదు, తిట్టు."

"అదే బాగుంటుంది. అది వింటుంటే అమ్మ ఇంట్లో తిరుగుతున్నట్టే ఉంటుంది."

తిరిగేది నా నెత్తిమీద, ఆయనకేం పోయింది. ఒళ్ళు మండిపోయింది.

పండగ పొద్దున ఆయన ఫోను తెచ్చి పీట పక్కన పెట్టబోతుంటే ఆపాను. "ఈసారి అక్కర్లేదు. నేను చెప్తాను."

"నీకొచ్చా?"

"మీ అమ్మగారు ఎక్కడ దగ్గారో కూడా వచ్చు."

"అమ్మ గొంతు లేకుండా పండగేంటి వదినా," అని ఆడపడుచు మూతి ముడుచుకుంది. వినపడనట్టే వెళ్ళి పీట మీద కూర్చున్నాను. అన్నీ అందించడానికి కోడలు నా పక్కన చేరింది. అబ్బాయి ఎదురుగా నిలబడి తన ఫోను ఎత్తి పట్టుకున్నాడు. ఫోటోలనుకుని వదిలేశాను.

బాగానే సాగింది. ఎక్కడా తడబడలేదు. ఆవిడ ఊపిరి తీసుకున్న చోటే నేనూ తీసుకుంటున్నానని నాకే తెలుస్తోంది. కథ సగానికొచ్చింది. కోడలు రెండో దీపం వెలిగించి, కుంది తెచ్చి పటం ముందు పెట్టింది.

"అక్కడ కాదే," అన్నాను. "దీపం అక్కడ పెడతారా ఎవరైనా? ఎప్పుడు నేర్చుకుంటావో ఏమో."

అందరూ గొల్లున నవ్వారు. చిన్నది చేతులు జోడించింది. కోడలు మాత్రం నవ్వలేదు. చేతులు వెనక్కి తీసుకుని పీట అంచు కేసి చూస్తూ కూర్చుంది. ఆ పీట అంచు నేనూ ఒకప్పుడు అలాగే చూశాను.

"మరి ఎక్కడ పెట్టాలి అత్తయ్యా?" అంది మెల్లగా. వెటకారం లేదు, తెలుసుకుందామనే అడిగింది.

చెబుదామని నోరు తెరిచాను. నాకు తెలియదు. రికార్డులో ఆ మాటే లేదు. ఆ రోజు ఆవిడ తన చేత్తోనే కుంది జరిపేశారు, నేను తల దించుకుని ఉండి చూడలేదు. అప్పట్నుంచీ ఎక్కడ తోస్తే అక్కడ పెడుతున్నాను. ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు. అందరికీ తిట్టు కావాలి గానీ దీపం ఎవరిక్కావాలి.

సిగ్గుతో చచ్చిపోయాను. "నువ్వు పెట్టిన చోటే ఉండనీ అమ్మా," అన్నాను.

"భలే పడిందమ్మా," అన్నాడు అబ్బాయి ఫోను చూసుకుంటూ. "అచ్చం బామ్మే. మొత్తం రికార్డయింది."

"తీసెయ్."

"ఉండనీవమ్మా, అదే బాగుంది."

వాళ్ళ నాన్న మాటే, వాళ్ళ నాన్న నవ్వుతోనే. నేను పీట మీంచి లేచాను. పూజ మధ్యలో లేవకూడదని ఆడపడుచు అంటూనే ఉంది. వాడి చేతిలోంచి ఫోను లాక్కుని, పసుపు వేళ్ళు కొంగుకి తుడుచుకుని నొక్కాను. నిజంగా తీసెయ్యాలా అని ఫోను అడిగింది. అవునన్నాను.

తిరిగొచ్చి కూర్చుని, అక్షింతల గిన్నె కోడలి చేతికిచ్చి, మళ్ళీ మొదట్నుంచి అందుకున్నాను. ఎదురుగా గోడకి అత్తగారి ఫోటో ఉంది. ఆవిడ మీద కోపం చల్లారిందంటే అబద్ధమే. కానీ ఆ రోజు పూజ అయ్యాక ఆ రికార్డు ఆవిడకి వినిపించారా? ఉంచమంటావా, తీసెయ్యమంటావా అని ఒక్కరైనా అడిగారా? అడిగి ఉండరు. ఆవిడ చేతికి ఫోను ఎవరూ ఇవ్వలేదు.