సందు లేని పటం

ఏసన్న ట్యాబ్‌ను తుండుగుడ్డ చాటున పట్టుకుని, తెరమీది కప్పునూ ఎదురుగా ఉన్న ఇంటినీ మార్చి మార్చి చూశాడు. కర్నూలు పాతబస్తీలో ఇళ్లు ఎంత ఇరుకో లెక్కతీసే పని అది. ఉపగ్రహం తీసిన బొమ్మలో కనబడేది ఇల్లా, ఖాళీయా అని ఇతను నడిచి చూసి చెప్తే, ఆఫీసులో హిమబిందు మేడమ్ రంగులు వేస్తుంది. ఇరుకు పెరిగేకొద్దీ ఎరుపు ముదురుతుంది. ఏసన్న బక్కపలచని మనిషి, మడమలు నెర్రెలిచ్చాయి. ఏ గడప ముందు నిలబడినా మంచినీళ్లిస్తారు, పేరు మాత్రం అడగరు.

పొద్దుటి నుంచి ఎడమ భుజం లాగుతోంది. అంతకంటే ఎక్కువగా ఒక అబద్ధం లాగుతోంది.

పోయిన నెల తన సొంత సందు వంతు వచ్చింది. ఎండాకాలం వస్తే ఈ గోడ నుంచి ఆ గోడకు సందుమీద రేకులు పరచడం అక్కడివాళ్ల అలవాటు. కింద మంచాలు, పొయ్యిలు. పైనుంచి చూస్తే అంతా ఒకటే కప్పు.

"పటంలో సందు ఉండాదని పెడితే మున్సిపాలిటోళ్లు రేకులు పీకేస్తారంట. మేం యాడ పండుకోవల్లప్పా?" అని పక్కింటి గిడ్డమ్మ అతని గడ్డం పట్టుకుని బతిమాలింది.

ఏసన్నది ఉత్త మొగమాటం. "అక్కడ నిజంగా దారి లేదా?" అని మేడమ్ అడిగితే, "లేదు మేడమ్, అంతా కప్పే" అనేశాడు.

ఆ పటాన్నే మొన్న అంబులెన్సులకూ ఇచ్చారని విన్నప్పటి నుంచి అతనికి అన్నం సయించడం లేదు. ఇవాళ నిజం చెప్పేయాలనుకున్నాడు. ఫోను తీశాడు. మేడమ్ తిడుతుందేమోనని భయమేసింది. సాయంత్రం చెబుదాంలే అని జేబులో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి రేకుల కింద మంచంమీద కూలబడ్డాడు.

"ఏమైందయ్యా? శానా చెమట పడతాండాది," అంది భార్య కృపమణి.

"మేడమ్‌కు ఫోన్ చెయ్యల్ల," అన్నాడు. ఆ తర్వాత మాట రాలేదు.

కృపమణి అంబులెన్సును పిలిచింది. సైరన్ సందు మొగదాకా వచ్చింది, ఆగింది. డ్రైవరు ఫోను చేశాడు. "ఈడ మ్యాప్‌లో దారే లేదమ్మా. అవతల పక్కనుంచి వస్తాండా."

"దారి ఉండాది నాయనా, రేకుల కిందనే ఉండాది!" అని గిడ్డమ్మ అరుస్తూ రోడ్డుమీదికి పరిగెత్తింది. అప్పటికే సైరన్ దూరమైపోయింది. అది మళ్లీ దగ్గరికి వచ్చేసరికి కృపమణి అతని కళ్లు మూసి, పక్కన కూర్చుని ఏడుస్తోంది.

రేకుల కింద, పొయ్యిల మధ్య స్ట్రెచర్ తేలిగ్గానే పట్టింది.

ఖాళీ మంచంమీద ట్యాబ్ మిగిలింది. దాని తెరమీద, ఏ దారీ లేని ముదురెరుపు కప్పు నడుమ, ఏసన్న ఉన్నచోటును చూపించే నీలిచుక్క ఇంకా కొట్టుకుంటోంది.