ఏడున్నర దెబ్బల అక్షరం

స్క్రూడ్రైవరు మొనను మూడో టెలిప్రింటరుకు ఆనించి, పిడిని కుడిచెవికి తగిలించుకుని, ఇశ్రాయేలు కళ్ళు మూసుకున్నాడు. లోపల పళ్ళచక్రాలు ఉరుకుతున్నాయి.

"దీనికి జలుబైంది," అన్నాడు.

చార్మినారుకు నాలుగు గల్లీల అవతల, టెలిగ్రాములు పంపే ఆ తారాఫీసులో ఐదు మిషిన్లు, ఐదుగురు ఆపరేటర్లు, ఒక మెకానిక్కు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ మెకానిక్కు ఇశ్రాయేలే. సన్నని మనిషి. మోచేతుల దాకా మడిచిన ఖాకీ చొక్కా, ఏ సబ్బుకూ లొంగని నల్లటి గోళ్ళు. కుడిచెవి ఎడమచెవి కన్నా కాస్త పెద్దది. స్క్రూడ్రైవరు పెట్టి పెట్టి సాగిందనేవారు. గోల్కొండ మీద పిల్లి దగ్గితే ఇక్కడ కూర్చుని విని, అది ఆడదో మగదో చెప్పేవాడని కూడా అనేవారు. పిల్లి సంగతేమో గానీ, మిషిన్ల విషయంలో ఆ చెవి ఒక్కనాడూ తప్పలేదు.

అది 1984 ఎండాకాలం. ఆ పొద్దున పెద్దాఫీసు నుంచి ఈశ్వరయ్య సారు కొత్త మిషిను తెచ్చి బల్ల మీద పెట్టించాడు. ఇశ్రాయేలు దానికీ చెవి ఆనించాడు.

"ఊపిరి తీస్తలేదు సారూ."

"ఎలక్ట్రానిక్ అయ్యా! నీ పాతవి యాభై బాడ్, సెకనుకు లైను మీద యాభై దెబ్బలు. ఇది మూడు వందలు. యాభైతో భాగించు, ఆరు! ఇదొక్కటి ఆరు మిషిన్ల పని చేస్తది. మీకున్నయి ఐదే. ఐదూ పెద్దాఫీసుకు పట్టుకపోత, నిన్ను గూడ. దీన్ని నడిపే మనిషి రేపొస్తడు."

పెద్దాఫీసులో ఆపరేటర్ల ఖాళీలు నాలుగే. అందరికన్నా వెనక చేరిన బిల్కీస్ ఆదిలాబాదు పోవాలి. ఐదో మిషిను ముందు కూర్చున్న ఆమె చేతులు మీటల మీదే ఆగిపోయాయి.

"మా అమ్మీ మంచం దిగలేదు సాబ్. ఆమెను ఎవలు చూస్తరు?"

ఈశ్వరయ్య ఫైలు కేసి చూశాడు. లెక్క అలా ఉంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు?

ఇశ్రాయేలు సుద్దముక్క తీసి నేల మీద గొంతుక్కూర్చున్నాడు. "భాగారం మంచిగనే ఉంది సారూ. అక్షరాన్ని మర్చిపోయిన్రు. పాతదానికి ఒక్కో అక్షరం ఏడున్నర దెబ్బలు. కొత్తదానికి ఎన్ని?"

ఈశ్వరయ్య పుస్తకం తిరగేశాడు. "పది."

"గదే! నిమిషానికి పాతది నాలుగు వందల అక్షరాలు కొడితే, కొత్తది పద్దెనిమిది వందలు. ఆరు కాదు, నాలుగున్నర మిషిన్లు. మాకు ఐదింటి పని ఉంది. ఇంకో సగం మిషిను కావాలె."

"సగం మిషిను యాడ దొరుకుతదయ్యా?"

"దొరకదు. అందుకే పూరా మిషిను ఉంచాలె. మిషినుంటే మనిషి ఉండాలె."

చాయ్ తెచ్చిన యూనుస్ ట్రే కింద పెట్టేశాడు. "పందెం పెట్టున్రి సాబ్! ఇశ్రాయేలు భాయ్ ఓడితే నెలంతా చాయ్ ఫ్రీ!"

బజారు ధరల వార్త, పదివేల అక్షరాలు, చిల్లుల టేపు మీద సిద్ధంగా ఉంది. అలాంటిదే ఇంకో టేపును ఐదు ముక్కలు చేసి ఐదు పాత మిషిన్లకు తొడిగారు. ఈశ్వరయ్య గడియారం చూసి చెయ్యి దించాడు.

ఐదూ ఒక్కసారి అందుకున్నాయి! కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి, గ్లాసుల్లో చాయ్ గంతులేసింది. ఆ చప్పుడుకు లేచిన పావురాలు నయాపూల్ దాకా పోయి, పక్కనున్న హైకోర్టులో వాయిదా వేయించుకుని తిరిగొచ్చాయని యూనుస్ తర్వాత చాలా ఏళ్ళు చెప్పాడు. కొత్తది మాత్రం గుసగుసలాడుతూ టేపు మింగేస్తోంది.

"మూడో దాని జలుబు!" అని బిల్కీస్ అరిచింది. ఇశ్రాయేలు అప్పటికే దాని పక్కన ఉన్నాడు. ఒక మర పావువంతు తిప్పాడు. దగ్గు ఆగింది.

సరిగ్గా ఐదు నిమిషాలకు ఐదు టేపులూ అయిపోయాయి. కొత్తదాని నోట్లో ఇంకా ఐదారు మూరల టేపు వేలాడుతోంది! అది ముగించడానికి ఇంకో అర నిమిషం పైనే పట్టింది. యూనుస్ ట్రేని డప్పులా వాయించాడు. ఈశ్వరయ్య కూడా నవ్వు ఆపుకోలేక ఫైల్లో రాశాడు: నాలుగు మిషిన్లు పెద్దాఫీసుకు, ఐదోది, బిల్కీస్ ఇక్కడే.

తర్వాత ఇశ్రాయేలును పక్కకు పిలిచాడు. "ఐదు మిషిన్లు ఒక్కచోట ఉంటెనే మెకానిక్కు పోస్టు. ఇప్పుడు గుంపు విడిపోయింది. ఆమెకు బదులు ఆదిలాబాదు నువ్వే పోవాలె. ఎరికుండే చెప్పినవా?"

"ఎరికే సారూ. నాలుగున్నరను ఆరంటే మిషిన్లు నవ్వుతయి."

"మరి ఇంట్ల?"

"మా ఇంటామె రాహేలా? మస్తు లొల్లి చేస్తది. లొల్లి చేసుకుంటనే సామాను కడ్తది."

అందరూ చాయ్ మీద పడి పందెం మళ్ళీ మళ్ళీ చెప్పుకుంటుండగా ఇశ్రాయేలు ఐదో మిషిను బల్ల కింద ఏదో సర్దాడు. గడప దగ్గర నీలం రబ్బరు చెప్పులేసుకుని, ఎవరినీ పిలవకుండా మెట్లు దిగాడు. లాడ్ బజారు వైపు వెళ్తుంటే కుడివైపుకు కాస్త ఒరిగి నడుస్తున్నట్టు కిటికీలోంచి బిల్కీస్‌కు కనిపించింది.

ఆమె తిరిగి కూర్చుని టెలిగ్రాం కొట్టసాగింది. నాలుగేళ్ళుగా మీట నొక్కినప్పుడల్లా ఊగే బల్ల కదల్లేదు. వంగి చూసింది. పొట్టి కాలి కింద చాకుతో కోసిన నీలం రబ్బరు చెప్పు మడమ ముక్క, నడుమ అరిగిన గుంటతో.