పందిని కొట్టని తుపాకి

రోజూ పొద్దున్నే దేవుడి గదిలో దీపం పెట్టాక చోండమ్మ చేసే మొదటి పని, గోడకున్న తుపాకి గొట్టం వాసన చూడటం. మందు వాసన రాలేదంటే రాత్రి ఎవరూ ముట్టుకోలేదన్నమాట. తర్వాత గొలుసు తాళం లాగి చూసి, తాళంచెవి నడుముకి దోపుకుని, అప్పుడు కాఫీ.

పిల్లాడు పుడితే ఒకసారి, మనిషి పోతే రెండుసార్లు తుపాకి పేల్చడం కొడగు సీమలో ఏ ఇంట్లోనైనా ఉన్నదే. మళెమాడ వారి తుపాకికి మాత్రం అంతవరకూ ఆగే ఓపిక లేదు. ముందు పేలుతుంది, తర్వాత పని జరిపించుకుంటుంది. ఒకసారి పేలిందా, ఆ ఇంట్లో కానుపు జరిగి తీరాలి. వెంటవెంటనే రెండుసార్లు పేలిందా, రెండూ విన్న ఇంటివాళ్ళలో పెద్దవాళ్ళెవరో వాళ్ళు పోయి తీరాలి.

పందిని కొట్టమంటే మాత్రం దానికి చేతకాదు. ముత్తాత ఓసారి అడవిపంది మీద రెండు తూటాలు పేల్చాడు. పంది తలెత్తి చూసి మళ్ళీ దుంపలు తవ్వుకుంది. పక్కనున్న ఆయన అన్న కూలబడి ప్రాణం వదిలాడు. వాళ్ళిద్దరికంటే పెద్దాయన, పుట్టుచెవిటివాడు కాబట్టి, ఇంకో ఇరవై ఏళ్ళు హాయిగా పందికూర తిన్నాడు. ఇంకోసారి ఆయుధాల పండక్కి కొబ్బరికాయని గురిచూశారు. కాయ కదల్లేదు గానీ, నలభై తొమ్మిదేళ్ళ మేనత్తకి ఏడాది తిరక్కుండా కొడుకు పుట్టాడు, ఆవిడ సిగ్గుతో తలెత్తుకోలేకపోయింది. పోనీ అందరం చెవులు మూసుకుని పేలుద్దామని చూస్తే, తుపాకి అలిగి మూడేళ్ళు పేలలేదు. తనిఖీకొచ్చిన ఇన్‌స్పెక్టర్ "ఇది పనిచేస్తుందా?" అనడిగితే, "అవసరానికి మించి" అని రాయించారు.

దీనికి తోడు ఇంటి ఎదుట ఒక కొండ. ఏమన్నా తిరిగి అంటుంది. ముంగిట్లో ఒక్క తూటా పేలిస్తే రెండైపోతుంది. అందుకని కానుపు కష్టమైనప్పుడు తుపాకిని వాగు దాటించి, మలుపు అవతల పొలాల్లో పేల్చేవారు. అక్కడ కొండకి వినపడదు.

ఇంత ఆయుధం గోడకుంటే మనిషికి నిద్ర ఎలా పడుతుంది? చోండమ్మ మామూలుగానే ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. భర్త పటాలంలో ఉన్నాడు. ఇంట్లో తొంభై ఒక్క ఏళ్ళ మామ బెళ్ళియప్ప, రెండేళ్ళ కింద పటాలం నుంచి వచ్చేసిన పెళ్ళికాని బావ ఉత్తయ్య. మామ పోతే ఇంటి పెద్దరికం ఉత్తయ్యదే. ఆయనేమో వారానికోసారి, "తాళంచెవి ఇవ్వమ్మా, తుపాకికి నూనె రాస్తాను" అంటాడు.

"దానికి లేని దురద మీకెందుకు బావా?" అని ఆమె గుమ్మంలోంచే పంపేసేది.

వారానికోసారి నూనె ఎవరు రాస్తారు? ముసలాయనకి గంజి పోసేటప్పుడు కూడా ఆమె ఉత్తయ్య చేతుల వంకే చూసేది.

కక్కడ మాసం వానల్లో పురిటికొచ్చిన కూతురు బొళ్ళవ్వకి నొప్పులు మొదలయ్యాయి. విరాజపేట ఆసుపత్రి దారి మీద చెట్లు పడ్డాయి. వాగు గట్లు తెంచుకుంది. ఒక పగలు, ఒక రాత్రి, ఇంకో పగలు సగం గడిచాక మంత్రసాని ముద్దవ్వ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"నా వల్ల కాదు చోండమ్మా. పిల్ల అలిసిపోయింది. సాయంత్రం దాకా ఆగితే ఇద్దరూ దక్కరు."

 అందరూ దేవుడి గది వైపు చూశారు.

"వాగు దాటలేం, ముంగిట్లోనే పేల్చండి," అన్నాడు ముసలాయన అరుగు మీంచి.

"కొండ ఉంది మావా!"

"ఉంటే ఉండనీ. తొంభై ఒకటమ్మా నాకు. ఇంకెన్నాళ్ళు మీరు నాకు గంజి పోస్తారు?"

"లోపల పేలిస్తే?" అంది ముద్దవ్వ.

"పెంకులు పోతాయి. కొండ మాత్రం వింటుంది," అన్నాడు ఉత్తయ్య. చెయ్యి చాచాడు. "తాళంచెవి ఇవ్వమ్మా. నేను పేలుస్తాను."

అదిగో, అనుకుంది చోండమ్మ. రెండేళ్ళుగా ఈ మాట కోసమే కాచుకుని ఉన్నాడు. ఎంత తొందరో చూడు! లోపల బొళ్ళవ్వ మూలిగింది. ఆ మూలుగు కూడా సన్నబడుతోంది. ఆమె తాళంచెవి ఆయన చేతిలో పడేసి, వెనకాలే వెళ్ళింది, కళ్ళు ఆయన మీంచి తీయకుండా.

ఉత్తయ్య తుపాకి నింపి అరుగుకి ఆనించాడు. దిండు చింపి దూది తీసి తండ్రి చెవుల్లో కుక్కడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నావురా? నన్ను విననీ! నాకు చాలురా!"

"మాట్లాడకు అప్పయ్యా." దూది మీద నడుముకున్న ఎర్ర పట్టీ విప్పి నాలుగు చుట్లు చుట్టాడు. ముసలాయన ఏదో అరుస్తూనే ఉన్నాడు, తనకే వినపడక ఇంకా గట్టిగా.

చోండమ్మ నిలబడిపోయింది. మామ వినకపోతే, ఆ తర్వాత పెద్ద ఎవరు?

"బావా, మరి మీరు?"

"ఎవరో ఒకరు వినాలి కదమ్మా, లేకపోతే ఇది అలుగుతుంది," అన్నాడు ఉత్తయ్య, తుపాకి అందుకుంటూ. "వెనకాల పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. నువ్వు లోపలికెళ్ళు."

ఆమెకి వద్దనాలని ఉంది. వద్దంటే లోపల కూతురు. ఛీ, ఎంత పాపిష్టిదాన్ని, అనుకుంది, ఏడుస్తూ గుమ్మాన్ని పట్టుకుని.

ఉత్తయ్య వాన ఆగిన ముంగిట్లోకి దిగి, కళ్ళు మూసుకుని, ఆకాశంలోకి పేల్చాడు.

కొండ ఎప్పుడూ మూడు లెక్కపెట్టేంత సేపు తీసుకుంటుంది. ఒకటి. రెండు.

లోపల్నుంచి ఒక ఏడుపు లేచింది. మామూలు ఏడుపు కాదు. తొమ్మిది నెలలు, ఒకటిన్నర రోజు పట్టి ఉంచిన కోపమంతా ఒక్క గొంతులో పెట్టుకుని, ఇల్లు అదిరేట్టు, కుక్కలు పరిగెత్తేట్టు ఏడ్చింది పసిది. గుక్క తిప్పుకోకుండా ఏడ్చింది.

ఉత్తయ్య చాలాసేపటికి ఒక కన్ను తెరిచాడు. గుండె మీద చెయ్యి పెట్టి చూసుకున్నాడు.

"కొండ పలికిందా?"

"ఏమో బావా, నాకేం వినపడలేదు. మీకు?"

"నాకూ వినపడలేదే!" ఆయనకి ఇంకా అనుమానమే. అరుగు మీద కూర్చుని మణికట్టు నాడి పట్టుకుని ఎదురుకొండ వంక ఓరగా చూశాడు. పక్కన ముసలాయన చుట్టిన తలతో అరుస్తున్నాడు: "అయిందా? నేను పోయానా? ఎవరైనా చెప్పండర్రా!"

బొళ్ళవ్వ కళ్ళు తెరిచిందని, గంజి అడిగిందని ముద్దవ్వ కేకేసింది. చోండమ్మ లోపలికి పరిగెత్తి కూతురి నుదురు తడిమి, పిల్లని గుడ్డలో చుట్టుకుని వచ్చింది. ఆడపిల్ల. నేరుగా తెచ్చి ఉత్తయ్య ఒడిలో పెట్టింది.

"ముందు మీరే ఎత్తుకోండి బావా."

పటాలంలో ముప్ఫై ఏళ్ళు తుపాకి మోసిన చేతులతో పిల్లని పొదువుకున్నాడు. పసిది ఆయన మొహం చూసి మళ్ళీ ఏడుపు అందుకుంది. చోండమ్మ ఊరుకోబెట్టడానికి చెయ్యి చాచింది. ఉత్తయ్య ఇవ్వలేదు.

"ఏడవనీ," అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ. "ఎంతసేపైనా ఏడవనీ."