మామూలు నెత్తురు

కెనడాలోని సస్కటూన్ ఊరి ఆసుపత్రి వెనకవైపు లాబ్‌లో స్టెఫానియా చేసే పని చూస్తే ఎవరికైనా విసుగు పుడుతుంది. రక్తకేన్సరు రోగుల ఎముకల మూలుగలోంచి కణాలు తీసి, వాటి క్రోమోజోములను ఫోటో తీసి, కత్తెరతో ఒక్కొక్కటీ కత్తిరించి, జతలు జతలుగా అట్ట మీద అతికించేది. ఎక్కడ ముక్క విరిగింది, విరిగి ఎక్కడ అతుక్కుంది అని వెతికేది. పదేళ్ళుగా అదే పని, అదే పిచ్చి. పక్కన పెట్టి పోల్చడానికి ఆరోగ్యంగా ఉన్న మనిషి నెత్తురు కూడా కావాలి కదా! బయటివాళ్ళను బతిమాలడం ఎందుకని తన చెయ్యే చాపేది. ఆ సీసా మీద 'మామూలు' అని రాసేవాళ్ళు.

అలాంటి పనిని నెలాఖరుకు వదిలేస్తానని అమ్మకు మాటిచ్చింది.

ఎందుకంటే వరసగా మూడు కడుపులు పోయాయి. భర్త పోయాక కూతురి దగ్గరికొచ్చేసిన అమ్మ పరాస్కా, కజ్జికాయల్లాంటి పిరొహీలు ఒత్తుతూ రోజూ ఒకటే పాట పాడేది.

"ఆ మందుల కంపు ఒంటికి పట్టించుకుని తిరిగితే పసిది ఎలా నిలుస్తుందే? ఊళ్ళో వాళ్ళ రోగాలన్నీ నీకే కావాలా?"

భర్త వాలీ ఒక్క మాటా అనేవాడు కాదు. ఆ ఊరుకోవడమే ఆమెను ఎక్కువగా కోసేది. ముక్కూ మొహం తెలియనివాళ్ళ కోసం నా బిడ్డల్ని నేనే పోగొట్టుకున్నానా అన్న ప్రశ్న ఆమెను నిద్రపోనిచ్చేది కాదు. మళ్ళీ ఆశ పెట్టుకోవాలంటే పని మానాల్సిందే అనుకుంది.

అప్పుడే కొత్త రంగు వచ్చింది. అంతవరకు నున్నటి కర్రపుల్లల్లా కనబడిన క్రోమోజోముల మీద ఆ రంగు పడితే చారలు తేలతాయి. ఏ ముక్క ఎక్కడిదో చారలే చెప్పేస్తాయి. తోటి ఉద్యోగి లోర్నా దాన్ని ముందుగా 'మామూలు' సీసా మీదే వేసి చూసింది. చూసి, స్టెఫానియాను పిలిచి, తన కుర్చీ ఆమెకిచ్చింది.

"ఇన్నాళ్ళూ నిన్ను మామూలు మనిషి అనుకున్నాం కదే స్టెఫా" అంది. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

రెండు క్రోమోజోములు సమానమైన ముక్కలు ఇచ్చిపుచ్చుకున్నాయి. పాత రంగుకు అందుకే దొరకలేదు. రోగుల్లో అయితే ఇలాంటి తారుమారు రోగంతో పాటు, రోగం పట్టిన కణాల్లోనే వస్తుంది. ఈమెకు ప్రతి కణంలోనూ ఉంది, అంటే పుట్టుకతో వచ్చింది. ఏ ముక్కా తగ్గలేదు కాబట్టి ఆమెకు ఏ లోటూ లేదు. కానీ కడుపున పడే పిల్లకు ఒక్కోసారి మారిన ఆ రెంటిలో ఒకటే అందుతుంది, ఒక ముక్క ఎక్కువై ఇంకోటి తక్కువవుతుంది, అలాంటిది నిలవదు. లాబ్ చేసిన పాపం ఏమీ లేదు. ఆమె అక్కడే బల్ల మీద తల వాల్చి భోరున ఏడ్చింది. గుండెల మీంచి బండరాయి దించినట్టయింది.

మర్నాడు అమ్మను బతిమాలి నెత్తురు తీసుకుంది. వారం తిరిగేసరికి అందులోనూ అదే తారుమారు కనబడింది. పరాస్కాను లాబ్‌కు తీసుకెళ్ళి, రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి, ఇది నీది, ఇది నాది అని చూపించి, అంతా విడమరిచి చెప్పింది.

పరాస్కా రెండు ఫోటోలనూ మార్చి మార్చి చూసింది. తర్వాత మెల్లగా, కూతురికి ఎన్నడూ చెప్పనిది చెప్పింది. నీకు ముందు నాకూ నలుగురు కడుపులోనే పోయారంది. పాలబాల్చీలు మోసి మోసి పిల్లల్ని మింగేశావని అత్తగారు చచ్చేదాకా పొడిచిందంది. ఆవిడ పోయాక పొడిచేవాళ్ళు లేకపోయినా తనూ అదే నమ్ముతూ వచ్చిందట.

"అయితే బాల్చీలు కాదన్నమాట" అంది.

"కాదమ్మా. బాల్చీలూ కాదు, నా మందులూ కాదు."

"ఆ ముసలిది బతికుంటే ఈ ఫోటో దాని ముఖాన కొట్టేదాన్ని." కళ్ళు తుడుచుకుని కూతురి చెయ్యి పట్టుకుంది. "నిన్ను నానా మాటలూ అన్నాను. నా అత్త నన్నన్నట్టే అన్నాను. మనసులో పెట్టుకోకు తల్లీ."

స్టెఫానియాకు కోపం రాలేదు. నలుగురిని పోగొట్టుకుని కూడా అయిదోసారి ఆశ పెట్టుకున్న ఈ మనిషికి తన ప్రాణమే రుణపడి ఉందనిపించింది. ఆ మాటే అమ్మతో చెప్పేసింది.

పరాస్కా మళ్ళీ ఫోటోల మీదికి వంగి, ముక్కలు మారిన చోట వేలుపెట్టింది.

"ఉద్యోగం మానావంటే ఊరుకోను" అంది. "ఇదిగో, ఈ వంకరతోనే కదే నువ్వు నాకు దక్కావు."