యంత్రం చెప్పిన నెల

పొద్దుటి నుంచి ఆవిరిలో నిలబడి ఆమె కాళ్లు దుంగల్లా వాచిపోయాయి. బల్ల మీద ఇంకా చొక్కాల గుట్ట ఉండగానే స్కానింగ్ గదికి రమ్మని పిలుపొచ్చింది. ఇస్త్రీపెట్టె ఆపి, మొహం తుడుచుకుని, నడుం పట్టుకుని బయల్దేరింది.

ఆ బట్టల కంపెనీ రూలు వినడానికి చాలా దయగలది. ఎనిమిదో నెల పడిన మనిషిని నిలబెట్టి పని చేయించరు, గుండీలు కుట్టే చోట కూర్చోబెడతారు. కాకపోతే ఆ నెల పడిందో లేదో కంపెనీ యంత్రమే చెప్పాలి. మోసేదాని మాట చెల్లదు.

నాలుగు రోజులుగా కడుపులో కదలిక మందగించింది. మొగుడికి కూడా చెప్పలేదు. పైకి అంటే నిజమైపోతుందేమోనని భయం.

డాక్టరమ్మ ఆమె పొట్ట మీద చల్లటి జెల్లు రాసి, బిడ్డ తల కొలిచింది, తొడ ఎముక కొలిచింది. కంపెనీ అడిగేది ఆ రెండు కొలతలే.

"ఏడో నెల ఇప్పుడే పడింది."

"కాదమ్మా, ఎనిమిదో నెల. నా లెక్క నాకు తెలీదా?"

"అయితే ఇంకో నెల హాయిగా నిలబడొచ్చన్నమాట!" గుడ్డ తెర అవతలి నుంచి సూపర్‌వైజరు గొంతు. ఎవరు నీళ్లకు లేచినా వాచీ చూసుకుంటాడని వెనకాల అతన్ని అందరూ గడియారం అంటారు. "లే తల్లీ, చొక్కాల కోసం లారీ వచ్చేసింది."

ఆమె అలవాటు చొప్పున లేవబోయి ఆగింది.

"పోయిన నెల ఇదే మంచం మీద ఎన్నో నెల అన్నారమ్మా?"

"ఆరో నెల సగం."

"మరి నెల తిరిగింది కదా. ఇప్పుడు ఏడో నెల సగం కావాలి. ఆ పదిహేను రోజులు ఎక్కడికి పోయాయి?"

డాక్టరమ్మ చెయ్యి ఆగిపోయింది. తెర వైపు చూసి గొంతు తగ్గించింది.

"యంత్రానికి నెలలు తెలియవమ్మా. బిడ్డ సైజు చూసి చెబుతుంది. మొదటి నెలల్లోనే స్కానింగ్ చేసుంటే లెక్క తప్పేది కాదు, అప్పుడు బిడ్డలందరూ ఇంచుమించు ఒకే కొలతలో ఉంటారు. ఇప్పుడైతే..."

"అంటే నెల తక్కువ కాదు. నా బిడ్డ ఎదగట్లేదు."

డాక్టరమ్మ మళ్లీ తెర వైపు చూసింది.

ఇప్పుడామెకు లెక్క తేలింది. తల్లి నిలబడి నిలబడి బిడ్డ ఎదగదు. ఎదగలేదు కాబట్టి యంత్రం నెల తగ్గిస్తుంది. నెల తగ్గింది కాబట్టి తల్లి ఇంకా నిలబడాలి. ఏం తెలివి, ఏం ఏర్పాటు!

"ఏంటమ్మా ఆలస్యం? దిగు!" అన్నాడు గడియారం.

ఆమె మళ్లీ వెనక్కి వాలింది. రెండు చేతులతో మంచం అంచులు గట్టిగా పట్టుకుంది.

"దిగను."

"ఏంటీ?"

"దిగనంటున్నాను. మీ నెల మీ దగ్గరే ఉంచుకోండి. అమ్మా, బిడ్డ గుండె ఎలా ఉందో చూడండి. పెద్దాసుపత్రికి పంపిస్తానంటేనే దిగుతాను."

గడియారం విసురుగా తెర లాగాడు. బయట బెంచీ మీద కడుపులతో కూర్చున్న ఆడవాళ్లకు లోపలంతా కనబడింది. ఒకావిడ లేచి గుమ్మం దాకా వచ్చింది.

"మీరు బయటికెళ్లండి," అంది డాక్టరమ్మ అతనితో.

అతను కదల్లేదు. డాక్టరమ్మ ఆమె పొట్ట మీద మళ్లీ పరికరం ఆనించి చప్పుడు పెంచింది. గది నిండా హోరు, గుండె చప్పుడు మాత్రం ఇంకా దొరకలేదు. డాక్టరమ్మ చెయ్యి కాస్త కుడికి జరిగింది, కిందికి జరిగింది, మళ్లీ ఎడమకి. బెంచీ మీది వాళ్లందరూ లేచి నిలబడి వింటున్నారు.